విడ్జెట్టా, స్కానరా, మనిషా? వెబ్‌సైట్ అందరికీ అందాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలి

మా పిన్ని కొడుకుది విజయవాడలో పచ్చళ్ల వ్యాపారం. దుకాణం చిన్నదే గానీ ఆన్‌లైన్ ఆర్డర్లు బాగానే వస్తాయి, వాటిలో కొన్ని అమెరికా నుంచి. సంక్రాంతికి ముందు ఫోన్ చేసి, "అన్నా, ఒకాయన వచ్చాడు. సైట్‌లో ఒక్క లైను కోడ్ పెట్టుకుంటే చాలట. చూపులేనివాళ్లు కూడా కొనుక్కోగలరట, కోర్టు కేసుల టెన్షన్ కూడా ఉండదట. ఏడాదికి ఇంతని కట్టాలి. తీసుకోనా?" అన్నాడు.

వద్దని చెప్పడం తేలికే. వద్దంటే మరేం చేయాలో కూడా చెప్పాలి కదా. నేను వెబ్‌సైట్లు కట్టే పనిలోనే ఉన్నాను కాబట్టి వాడికి చెప్పిందంతా, వాడు అడిగిన ప్రశ్నలతో సహా, ఇక్కడ రాస్తున్నాను. చిన్న వ్యాపారం, కోచింగ్ సెంటర్, స్టార్టప్, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు ఒక సాయంత్రం నా స్నేహితుణ్ణి వాడి దుకాణానికి తీసుకెళ్లాను. అతనికి పుట్టుకతో చూపు లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ (తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని బ్యాంకు పనులు, చదువు, సరదాలు అన్నీ నడిపేస్తాడు. "అరకిలో గోంగూర కొను చూద్దాం" అన్నాం. పేరు చదివింది, ధర చదివింది. అరకిలో, కిలో ఎంచుకునే చోట ఫోన్ నోరు మెదపలేదు. కార్ట్ దగ్గర "బటన్... బటన్... లేబుల్ లేని బటన్" అంది. అతను నవ్వి, "మూడిట్లో ఒకటి కార్ట్ అయ్యుంటుంది, లాటరీ వేద్దాం" అన్నాడు. లాటరీ తగిలింది. ఓటీపీ దగ్గర ఆరు చిన్న గళ్లు వచ్చాయి. ప్రతి గడి దగ్గరా "ఎడిట్ బాక్స్" అంటోంది తప్ప ఎన్నో గడో చెప్పదు. అవి నింపేలోగా సమయం అయిపోయింది. రెండోసారి దాన్ని దాటితే డబ్బు కట్టే చోట క్యూఆర్ కోడ్ ప్రత్యక్షమైంది. అతని ఫోన్‌లోనే కోడ్, అతని ఫోన్‌తోనే స్కాన్ చేయాలి! చూపున్న నాకే అది కుదరదు.

మా తమ్ముడి మొహం చిన్నబోయింది. "ఆ ఒక్క లైను కోడ్ ఇవన్నీ సరిచేస్తుందా?" అని అడిగాడు. అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

ఒక్క లైను విడ్జెట్

వీటిని ఓవర్లే అంటారు. సైట్ మూలన నీలం రంగు గుండ్రటి బొమ్మ ఒకటి వస్తుంది. నొక్కితే అక్షరాలు పెద్దవి చేయడం, రంగులు మార్చడం, "స్క్రీన్ రీడర్ మోడ్" లాంటివి కనిపిస్తాయి. చూసేవాళ్లకు ఏదో జరిగిపోయినట్టే ఉంటుంది. కిటుకు కూడా అక్కడే ఉంది.

చూపులేనివాళ్లకు స్క్రీన్ రీడర్ ఫోన్‌లోనే ఉంది, సైట్ ఇవ్వక్కర్లేదు. చూపు మందగించినవాళ్లు అక్షరాల సైజు ఫోన్ సెట్టింగ్స్‌లోనే పెట్టుకుని ఉంటారు. వాళ్లు మన దగ్గర అడిగేది ఆ పరికరాలకు అర్థమయ్యే సైట్. లేబుల్ లేని బటన్ ఏం చేస్తుందో విడ్జెట్‌కు మాత్రం ఏం తెలుసు? ఊహిస్తుంది. తెలుగు సైట్ మీద ఆ ఊహ ఇంగ్లిష్‌లో చేస్తుంది. ఓటీపీ గళ్లను ఒకటి చేయలేదు, క్యూఆర్ కోడ్ బదులు యూపీఐ యాప్ తెరవలేదు. పైగా కొన్ని విడ్జెట్లు స్క్రీన్ రీడర్‌కు అడ్డుపడతాయి కూడా. వాటిని ఎలా ఆపేయాలో తెలుసుకుని ఆపేసేవాళ్లు నాకు తెలుసు.

కేసులు రావన్న మాట సంగతి. ఇలాంటి విడ్జెట్ అమ్మే యాక్సెసిబీ అనే కంపెనీ, తమ కృత్రిమ మేధ ఏ వెబ్‌సైట్‌నైనా ప్రమాణాలకు తగ్గట్టు మార్చేస్తుందని చెప్పుకోవడం మోసపూరితమని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 10 లక్షల డాలర్లు కట్టాలన్న ఆదేశాన్ని 2025 జనవరిలో ప్రకటించింది. మా తమ్ముడి దగ్గరకొచ్చింది వేరే సరుకు, వేరే మనిషి. మాట మాత్రం అదే.

విడ్జెట్ పూర్తిగా దండగా అంటే, బ్రౌజర్‌లో జూమ్ చేయడం తెలియని పెద్దవాళ్లకు "అ+" బటన్ పనికొస్తుంది. దానికి మీ డెవలపర్ పది లైన్లు రాస్తే చాలు, ఏడాదికోసారి చందా ఎందుకు?

ఉచిత స్కానర్లు

రెండో దారి ఇది. క్రోమ్‌లో లైట్‌హౌస్ ముందే ఉంటుంది. యాక్స్, వేవ్ అనే ఎక్స్‌టెన్షన్లు ఉచితంగా దొరుకుతాయి. ఆండ్రాయిడ్ యాప్‌లకు గూగుల్ వాళ్ల యాక్సెసిబిలిటీ స్కానర్ ఉంది. నొక్కిన నిమిషంలో తప్పుల జాబితా చేతికొస్తుంది. ఆల్ట్ టెక్స్ట్ (ఫొటోలో ఏముందో స్క్రీన్ రీడర్‌కు చెప్పే మాట) లేని ఫొటోలు, లేబుల్ లేని గళ్లు, వెలవెలపోయే రంగులు, పేజీ భాష చెప్పకపోవడం వంటివి బాగా పడతాయి.

ఇవి చిన్న తప్పులని అనుకోకండి. వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా 10 లక్షల వెబ్‌సైట్ల మొదటి పేజీలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2025లో 94.8 శాతం పేజీల్లో పట్టుబడే తప్పులు దొరికాయి. అన్నిటికంటే ఎక్కువగా, 79.1 శాతం పేజీల్లో దొరికిన తప్పు, అక్షరాల రంగుకూ వెనక రంగుకూ తేడా చాలకపోవడం. మామూలు అక్షరాలకు ఆ తేడా కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1. మా తమ్ముడి సైట్‌లో మామిడిపండు పసుపు బటన్ మీద తెల్ల అక్షరాలు. 2:1 కూడా రాలేదు. "డిజైనర్ అదే ట్రెండ్ అన్నాడన్నా" అన్నాడు. మధ్యాహ్నం ఎండలో నిలబడి ఫోన్ చూసే మామూలు మనిషికి కూడా ఆ ట్రెండ్ కనపడదు.

స్కానర్ ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలియాలి. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం వాళ్లు 2017లో కావాలనే వందకు పైగా లోపాలతో ఒక పేజీ తయారుచేసి, దాని మీద రకరకాల టూళ్లు నడిపారు. ఏ ఒక్క టూలూ సగం పట్టలేకపోయింది. కొన్ని లోపాలైతే ఏ టూలుకూ చిక్కలేదు. 2019లో ఒక డెవలపర్ ఇంకో అడుగు ముందుకేసి, ఎవరూ వాడలేని పేజీ కట్టి లైట్‌హౌస్‌లో నూటికి నూరు తెప్పించాడు. ఫొటోకు ఆల్ట్ టెక్స్ట్ ఉందా అని మాత్రమే యంత్రం చూస్తుంది. అందులో "ఫొటో 3" అని రాస్తే సంతోషపడి వదిలేస్తుంది. "మట్టి జాడీలో గోంగూర పచ్చడి, అరకిలో" అని రాయాలని దానికి తెలియదు.

కాబట్టి స్కానర్ తప్పక వాడండి, ఉచితమే కదా. నూటికి నూరు వచ్చిందని స్క్రీన్‌షాట్ తీసి బాస్‌కు పంపి ఊరుకోకండి, అంతే.

మీ చేత్తో మీరే

దీనికి డబ్బు ఖర్చు లేదు, ఒక పూట సమయం చాలు. నా లెక్కలో చిన్న వ్యాపారానికి మొదటి అడుగు ఇదే.

మౌస్ పక్కన పెట్టేయండి. ట్యాబ్, షిఫ్ట్-ట్యాబ్, ఎంటర్, స్పేస్, ఎస్కేప్ మీటలతోనే ఒక వస్తువు కొని చూడండి. ఎక్కడున్నారో తెరమీద కనిపిస్తోందా? ఆఫర్ పాపప్ వస్తే దాన్ని మూసి బయటికి రాగలుగుతున్నారా, లేక అందులో ఇరుక్కుపోతున్నారా? చేతులు వణికేవాళ్లు, మౌస్ పట్టుకోలేనివాళ్లు, స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు అందరూ ఈ దారినే వస్తారు. తర్వాత బ్రౌజర్‌లో 200 శాతం జూమ్ చేసి, ఏవైనా అక్షరాలు తెగిపోతున్నాయేమో చూడండి.

ఆ తర్వాత ఫోన్‌లో టాక్‌బ్యాక్. ఒక హెచ్చరిక: ఆన్ చేసే ముందు, రెండు వాల్యూమ్ మీటలూ కలిపి మూడు సెకన్లు నొక్కితే ఆగిపోయేలా షార్ట్‌కట్ పెట్టుకోండి. టాక్‌బ్యాక్‌లో ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది, పేజీ జరపాలంటే రెండు వేళ్లు కావాలి. ఇది తెలియక ఫోన్ పాడైందనుకుని సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తినవాళ్లున్నారు. ఐఫోన్‌లో అయితే వాయిస్‌ఓవర్. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ ఉచితం. ఒక ఆస్ట్రేలియా కుర్రాడు 2006లో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. జాస్ అనే పాత, పెద్ద సాఫ్ట్‌వేర్‌కు లైసెన్స్ డబ్బు కట్టాలి. మీ పరీక్షకు అది అక్కర్లేదు, మన దగ్గర చాలామంది వాడేది ఎన్‌వీడీఏనే.

కళ్లు మూసుకుని అరగంట టాక్‌బ్యాక్ వాడేసి చూపులేనివాళ్ల కష్టం తెలిసిపోయిందని అనుకోవద్దు. మీకు తెలిసేది కొత్తగా నేర్చుకునేవాడి తడబాటు. నా స్నేహితుడు వినే వేగంలో నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాదు. మీరు వెతకాల్సింది కష్టాన్ని కాదు, తప్పుల్ని: పలకని బటన్లు, పేరు లేని గళ్లు.

వాడే మనిషిని కూర్చోబెట్టడం

ఖర్చు పెట్టేదేదో ఇక్కడ పెట్టండి. రోజూ స్క్రీన్ రీడర్ వాడే మనిషి రెండు గంటలు మీ సైట్‌లో ఒక పని మొదటి నుంచి చివరి దాకా చేస్తే బయటపడేవి ఏ స్కానరూ చెప్పదు. ఆ సాయంత్రం మా స్నేహితుడు చెప్పిందొకటి నాకు ఇన్నేళ్ల అనుభవంలోనూ తట్టలేదు. "ధర చదువుతోంది గానీ, కొట్టేసిన పాత ధరా కొత్త ధరా ఒకే గొంతుతో వరసగా చదువుతోంది. 350, 280. ఏది కట్టాలి?" గీత కంటికి కనిపిస్తుంది, చెవికి వినపడదు. "పాత ధర", "ఇప్పటి ధర" అని కనిపించని మాట ఒకటి చేర్చితే సరిపోయింది.

ఒక్కరితో సరిపెట్టుకోకండి. స్క్రీన్ రీడర్ వాడే ఒకరు, చూపు తక్కువై అక్షరాలు పెంచుకునే ఒకరు, వినపడని ఒకరు, చేతి కదలిక తక్కువగా ఉన్న ఒకరు. నలుగురంటే నాలుగు వేర్వేరు సైట్లు కనిపిస్తాయి మీకు. మనుషులు దొరకరని అనొద్దు. 2011 జనగణనలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22.66 లక్షల మంది వైకల్యంతో ఉన్నట్టు లెక్కతేలింది. మీ ఊళ్లోని అంధుల పాఠశాల, బధిరుల సంఘం, కాలేజీ పూర్వ విద్యార్థులు, ఎక్కడ అడిగినా ఒకరు తగులుతారు.

రెండు షరతులు. ఒకటి, డబ్బివ్వండి. టీ ఇచ్చి "మీకోసమే కదా చేస్తున్నాం" అనడం అన్యాయం. డిజైనర్‌కు గంటకు ఎంతిస్తారో ఆ లెక్కలోనే ఇవ్వండి. రెండు, పక్కన కూర్చుని "అక్కడ కుడివైపు నొక్కండి" అని అందించకండి. నోరు కట్టుకుని చూడటమే మీ పని. మా తమ్ముడికి ఇదే అన్నిటికంటే కష్టమైంది.

ఆడిట్ కంపెనీ, వేరే సైట్

ఆడిట్ అంటే బయటి కంపెనీ మీ సైట్‌ను ప్రమాణాల ప్రకారం తనిఖీ చేయడం. మంచిదే, కానీ అందరికీ కాదు. ప్రభుత్వ టెండర్, బ్యాంకు, స్టాక్ బ్రోకింగ్, పెద్ద కార్పొరేట్ కస్టమర్ ఉంటే తప్పదు. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ తన పరిధిలోని సంస్థలన్నిటికీ 2025 జూలై 31న డిజిటల్ యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలిగేలా ఉండటం) మీద సర్క్యులరే ఇచ్చింది. ఆడిట్ ఇచ్చేవాళ్లను మూడు అడగండి: ఏ ప్రమాణం ప్రకారం (వెబ్‌సైట్లకు అంతర్జాతీయ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ 2.1 లేదా 2.2, ఏఏ స్థాయి, లేదా మన భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి ఐఎస్ 17802), పరీక్షించేవాళ్లలో వైకల్యం ఉన్నవాళ్లు ఎందరు, సరిచేశాక మళ్లీ చూడటం అదే ధరలో ఉందా. మూడో ప్రశ్నకు జవాబు తడబడితే బేరం అక్కడే ఆపండి.

"వాళ్లకోసం విడిగా టెక్స్ట్ సైట్ పెడదాం" అనేవాళ్లూ ఉంటారు. వద్దు. దసరా ఆఫర్ అసలు సైట్‌లో పడుతుంది, ఆ సైట్‌లో మాత్రం ఉగాది ధరలే ఉంటాయి.

తెలుగు సైట్లకు మాత్రమే ఉండే చిక్కులు

ఇంగ్లిష్‌లో వచ్చే సలహాల్లో ఇవి దొరకవు. అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

మొదటిది "అను" లాంటి పాత డీటీపీ ఫాంట్ల గొడవ. డీటీపీ సెంటర్లో చేయించిన ధరల పట్టిక, పాంఫ్లెట్, నోటిఫికేషన్ పీడీఎఫ్ చాలావరకు యూనికోడ్‌లో (ఏ ఫోన్‌కైనా తెలుగుగానే అర్థమయ్యే అక్షర పద్ధతిలో) ఉండవు. కంటికి చక్కటి తెలుగే కనిపిస్తుంది. లోపల ఉన్నది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల కలగాపులగం. స్క్రీన్ రీడర్ చదివేది దాన్నే. పరీక్ష చాలా సులువు: పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగు వస్తే సరే. పిచ్చి అక్షరాలు వస్తే అది ఫొటోతో సమానం. అసలు కాపీయే కాకపోతే అది నిజంగానే ఫొటో. ఇక్కడ మీ ముందు మూడు దారులుంటాయి: కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి తప్పులు దిద్దడం, మొదటి నుంచి టైప్ చేయడం, లేదా పీడీఎఫే మానేసి మామూలు వెబ్ పేజీ పెట్టడం. ధరల పట్టిక లాంటి వాటికి నా ఓటు మూడోదానికే. ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచి వేళ్లతో సాగదీసుకుని చదవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

రెండోది పేజీ భాష. పేజీ కోడ్ (హెచ్‌టీఎంఎల్) మొదట్లోనే ఈ పేజీ ఏ భాషదో చెప్పే చోటు ఉంటుంది. కొన్న థీమ్‌లో అది ఇంగ్లిష్ అని ఉంటుంది, ఎవరూ మార్చరు. అప్పుడు స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతుతో తెలుగు చదవబోతుంది. కొన్నిచోట్ల తడబడుతుంది, కొన్నిచోట్ల అసలు పలకదు. మార్చడానికి పట్టేది అర నిమిషం. ఈ మొత్తం వ్యాసంలో ఇంత చవకైన పని మరొకటి లేదు.

మూడోది లిపి. "కార్ట్‌లో వేయండి" అని తెలుగులో రాయాలా, ఇంగ్లిష్ లిపిలోనే వదిలేయాలా, లేక వాట్సాప్ తెలుగులా ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయాలా? చివరిది మాత్రం వద్దేవద్దు. ఇంగ్లిష్ గొంతు దాన్ని ఏ భాషలోనూ లేని విధంగా చదువుతుంది. తెలుగు పేజీలో ఆర్డర్, కార్ట్, పేమెంట్ లాంటి మాటలన్నీ తెలుగు లిపిలో ఉంటే తెలుగు గొంతు సాఫీగా చదువుకుంటూ పోతుంది. అలాగని ఇంగ్లిష్ పేజీ తీసేయకండి. చూపులేని యువతలో చాలామంది ఇంగ్లిష్ గొంతునే మెరుపు వేగంతో వినడానికి అలవాటుపడ్డారు. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతు రోబో మాట్లాడినట్టు ఉంటుందని మా స్నేహితుడే విసుక్కుంటాడు. రెండు భాషలూ ఉంచి, మార్చుకునే బటన్ పైనే పెట్టండి.

నాలుగోది ఒత్తులు. డిజైనర్ బటన్ ఎత్తును ఇంగ్లిష్ అక్షరాలకు సరిపడా బిగించేస్తాడు. చూపు తక్కువైన మనిషి అక్షరాలు రెండింతలు చేసుకోగానే "స్త్రీ"లో కింది ఒత్తులు, పైన గుడి దీర్ఘం తెగిపోతాయి. "పద్మం", "పద్యం" తేడా తెలియదు. ఎత్తు బిగించకుండా వదిలేయాలి, వరసల మధ్య దూరం అక్షరం ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి.

చిన్నగా కనిపించే పెద్ద ఎంపికలు

ఓటీపీకి ఆరు గళ్లు అందంగా ఉంటాయి. ఒకే గడి అందరికీ పనిచేస్తుంది, అతికించడమూ తేలిక. ఒకే గడి పెట్టండి. సమయం పెంచమని అడిగే వీలూ ఉండాలి.

యూపీఐకి, ఫోన్‌లో చూస్తున్నవాళ్లకు యాప్ తెరిచే బటన్ ఇవ్వండి. క్యూఆర్ కోడ్ కంప్యూటర్‌లో చూసేవాళ్లకు ఉంచండి. మీ పేమెంట్ గేట్‌వేలో రెండూ ఉండే ఉంటాయి, సెట్టింగ్ మార్చడమే తరువాయి.

వంకర అక్షరాల క్యాప్చా బదులు, రోబోల్ని సర్వర్ వైపే వడపోసే పద్ధతి మీ డెవలపర్‌ను అడగండి. శబ్దం వినిపించే క్యాప్చా ఉంది కదా అంటారు. ఆ గోలలో ఇంగ్లిష్ అంకెలు నాకే దొరకవు. చూపూ వినికిడీ రెండూ లేనివాళ్ల సంగతి వేరే చెప్పాలా?

వీడియో ఉంటే క్యాప్షన్లు తప్పనిసరి. పచ్చడి పెట్టే వీడియోలో నేపథ్య సంగీతం మాత్రమే ఉంటే చూపులేనివాళ్లకు అక్కడ ఏమీ లేనట్టే, కాబట్టి నోటితో నాలుగు ముక్కలు చెప్పండి. చిన్నప్పటి నుంచీ సైగల భాషలోనే పెరిగిన బధిరులకు రాసిన తెలుగు రెండో భాషలాంటిది. ముఖ్యమైన సమాచారానికి భారతీయ సంకేత భాష వీడియో ఉంటే గొప్ప. పచ్చళ్ల దుకాణానికి అంత అవసరం లేదు, ఆసుపత్రికీ పరీక్షల బోర్డుకూ ఉంది.

ఇక మా తమ్ముడు ఊహించని దెబ్బ ఒకటుంది. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్ వస్తే వాళ్లు ఫోన్ చేసి ఖాయం చేసుకుంటారు, ఎత్తకపోతే రద్దు. వినపడని మనిషి ఫోన్ ఎత్తి ఏం చేస్తాడు? ఇన్నాళ్లూ అలా రద్దయినవి ఎన్నో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ముందు మెసేజ్ వెళ్తుంది, "1 నొక్కితే ఖాయం" అని. కోడ్ మార్చలేదు, పద్ధతి మార్చారు.

కొత్తగా కడుతుంటే

పాతదాన్ని బాగుచేయడం కన్నా సరిగ్గా కట్టడం చవక. అసలైన బటన్ ట్యాగ్ వాడితే కీబోర్డు, స్క్రీన్ రీడర్ మద్దతు ఉచితంగా వస్తుంది. ఉత్త డబ్బాకు రంగేసి బటన్‌లా నడిపిస్తే అవన్నీ చేత్తో రాయాలి, సగం మర్చిపోతారు. వర్డ్‌ప్రెస్ థీమ్‌లలో "యాక్సెసిబిలిటీ రెడీ" అనే వడపోత ఉంది, దానితో మొదలుపెట్టండి. యాప్ కోసం ఫ్లట్టర్ (గూగుల్ వాళ్ల యాప్ తయారీ సాధనం) ఫర్వాలేదు గానీ వెబ్‌సైట్‌కు వద్దంటాను. అది పేజీని బొమ్మలా గీస్తుంది, స్క్రీన్ రీడర్‌కు కావాల్సిన వివరాలు మొదట ఆపేసి ఉంటాయి. వేలితో నొక్కేది దాదాపు ప్రతిదీ కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, 24 ఎత్తు ఉండాలని 2023 అక్టోబర్‌లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 చెబుతోంది. నేనైతే 44 పెడతాను.

అసలు సైట్ అవసరమా అని కూడా ఆలోచించండి. రోజుకు పది ఆర్డర్లు వచ్చే దుకాణానికి వాట్సాప్ చాలు. టాక్‌బ్యాక్‌తో వాట్సాప్ వాడటం చూపులేనివాళ్లకు కొట్టిన పిండి. ధరల పట్టిక మాత్రం ఫొటోగా కాకుండా టైప్ చేసి పంపండి.

చట్టం మాట

భయపెట్టి అమ్మేవాళ్లు ఎక్కువ కాబట్టి క్లుప్తంగా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సేవలకూ వర్తిస్తుంది. ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా రాసి ఉంది. 2024 నవంబర్ 8న రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు, ప్రమాణాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి నిబంధనలు చేయండని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయమే. 2025 ఏప్రిల్ 30న, కళ్లు ఆర్పమనే కేవైసీతో ఇబ్బందిపడ్డ యాసిడ్ దాడి బాధితుల పిటిషన్‌పై, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమంది. ఇదే విషయం మీద యూరోపియన్ యూనియన్ చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది గానీ, పదిమందిలోపు సిబ్బంది, 20 లక్షల యూరోలకు మించని వ్యాపారం ఉన్న చిన్న సేవా సంస్థలకు మినహాయింపు ఉంది. విడ్జెట్ అమ్మే మనిషి ఈ మినహాయింపు గురించి చెప్పడు.

మరి మీకు ఏది?

డబ్బే లేదంటే: స్కానర్, కీబోర్డు, టాక్‌బ్యాక్. ఒక ఆదివారం చాలు. మొత్తం సైట్ కాదు, కస్టమర్ మీకు డబ్బు కట్టే ఆ ఒక్క దారి సరిచేయండి.

విడ్జెట్ చందాకు సరిపడా డబ్బుంటే: అదే డబ్బుతో వైకల్యం ఉన్న ఇద్దరు వాడకందార్లను పిలిచి, వాళ్లు చెప్పినవి మీ డెవలపర్‌తో చేయించండి.

బయటి కంపెనీతో కొత్తగా కట్టిస్తుంటే: "స్క్రీన్ రీడర్ వాడే మనిషి ఎవరి సాయం లేకుండా కొనుగోలు పూర్తిచేశాకే చివరి వాయిదా" అని ఒప్పందంలో రాయండి. స్కోరు గురించి రాయకండి. ఈ ఒక్క వాక్యం చూసి కొటేషన్ వెనక్కి తీసుకునేవాళ్లు ఉంటారు, మంచిదే.

బ్యాంకు, ఆసుపత్రి, విద్యాసంస్థ అయితే: ఆడిట్, వాడకందార్ల పరీక్ష రెండూ. ప్రతి మార్పుకూ స్కానర్ దానంతటదే నడిచేలా డెవలపర్లతో పెట్టించుకోండి, లేకపోతే ఆర్నెల్లలో మళ్లీ మొదటికొస్తారు.

మా తమ్ముడు రెండోదాన్ని ఎంచుకున్నాడు. మూడు వారాల తర్వాత మా స్నేహితుడు తన ఇంట్లోంచే గోంగూర, ఆవకాయ, మాగాయ ఆర్డర్ పెట్టాడు, ఈసారి లాటరీ లేకుండా. పార్సెల్ అందాక ఫోన్ చేసి, "సైట్ బాగుంది. మూడు సీసాలూ ఒకే సైజు, ఒకే మూత. ఇందులో ఆవకాయ ఏదో ఎలా తెలుస్తుంది?" అని అడిగాడట. ఇప్పుడు ఆవకాయకు ఒక రబ్బరు బ్యాండు, మాగాయకు రెండు వేసి పంపుతున్నారు. గోంగూరకు ఏమీ లేదు.